ఒంటిమిట్టలో కౌన్సిలర్ లేడు, కాగితాలున్నాయి

"అన్నా, మన కౌన్సిలర్ ఆస్తులెంతో సెల్లులో కనపడతాయంట గదా, యాడ సూడాల?"

గుడి దగ్గర టీ బంకు ముందు ఓ కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. మంచి ప్రశ్నే గానీ అందులోనే రెండు అపోహలున్నాయి. ఒంటిమిట్టలో కౌన్సిలర్ అనేవాడు లేడు. ఉన్నవాళ్ల వివరాలు సెల్లులో అంత సులువుగా దొరకవు.

ఒంటిమిట్ట గ్రామ పంచాయతీ. ఇక్కడ ఉండేది వార్డు మెంబర్లు, సర్పంచ్, ఎంపీటీసీ, జడ్పీటీసీ. కౌన్సిలర్‌ను చూడాలంటే బద్వేలు మున్సిపాలిటీకి, కార్పొరేటర్‌ను చూడాలంటే కడపకు పోవాల్సిందే. పేరులో ఏముందిలే అనుకోవద్దు, ఎవరి కాగితం ఏ ఆఫీసు బీరువాలో ఉందో తేల్చేది ఆ పేరే. అట్లాగే కోదండరామాలయం 2015 నుంచి టీటీడీ చేతిలో ఉంది. గుడిలో పని ఎవరికిచ్చారని సర్పంచ్‌ని నిలదీస్తే ఆయన తెల్లమొగం వేయడంలో తప్పు లేదు.

అపోహ: అందరి అఫిడవిట్లూ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటాయి.

అక్కడ ఉండేవి ఎంపీలవి, ఎమ్మెల్యేలవి. ఏడీఆర్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యాన అవి జనం ముందుకొచ్చాయి. స్థానిక ఎన్నికలు నడిపేది ఢిల్లీలోని ఆ సంఘం కాదు, విజయవాడలోని రాష్ట్ర ఎన్నికల సంఘం. రెండూ వేర్వేరు సంస్థలు, పేర్లు దగ్గరగా ఉండటంతో జనం కలిపేస్తారు.

ఈ తేడా చూపించడానికి ఒంటిమిట్టను మించిన ఉదాహరణ లేదు. ఆకేపాటి అమరనాథరెడ్డి 2021లో ఇక్కడి నుంచి జడ్పీటీసీ అయి జిల్లా పరిషత్ ఛైర్మన్ పీఠమెక్కారు. 2024లో రాజంపేట ఎమ్మెల్యేగా గెలిచారు. జడ్పీటీసీ స్థానం ఖాళీ అయితే 2025 ఆగస్టు 12న ఉప ఎన్నిక జరిగింది, 14న ఓట్లు లెక్కించారు, టీడీపీ అభ్యర్థి ముద్దుకృష్ణారెడ్డి గెలిచారు. ఆకేపాటి ఎమ్మెల్యే నామినేషన్‌తో ఇచ్చిన అఫిడవిట్ ఇంట్లో కూర్చుని చదవొచ్చు. అదే మనిషి జడ్పీటీసీగా ఇచ్చిన ప్రకటన కావాలంటే అర్జీ రాసుకోవాలి. పదవి చిన్నదయ్యేకొద్దీ కాగితం దూరమవుతుంది. మన వీధి లైటు వెలుగుతుందా లేదా తేల్చేది ఆ చిన్న పదవే కదా, ఇది తిరగబడి ఉండాల్సిందని నా అభిప్రాయం.

అపోహ: ఆ కాగితం అడగాలంటే వకీలుండాలి, కారణం చెప్పాలి.

వకీలూ వద్దు, కారణమూ వద్దు. తెల్ల కాగితం మీద ఇట్లా రాస్తే చాలు:

"సమాచార హక్కు చట్టం–2005 కింద, ఫలానా ఎన్నికలో ఫలానా స్థానానికి పోటీచేసిన అభ్యర్థులు నామినేషన్‌తో పాటు ఇచ్చిన ఆస్తులు, అప్పులు, కేసులు, విద్యార్హతల ప్రకటన నకళ్లు ఇప్పించగలరు."

కింద పేరు, అడ్రసు, సంతకం. ఎందుకని అడిగితే 6(2) సెక్షన్ చూపించండి, దరఖాస్తుదారు కారణం చెప్పనక్కరలేదని అందులోనే ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. నకలు పేజీకి 2 రూపాయలు. సర్పంచ్, మెంబర్ల సంగతికి మండల పరిషత్ ఆఫీసులో, జడ్పీటీసీ సంగతికి కడప జిల్లా పరిషత్‌లో ఇవ్వండి. "ఆ ఫైలు మా దగ్గర లేదు" అని అర్జీ వెనక్కి ఇవ్వడానికి లేదు, ఉన్నచోటికి అయిదు రోజుల్లో వాళ్లే పంపాలి. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లోగా పై అధికారికి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు.

ఈ మధ్య ఒక చిక్కు వచ్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది, 2025 నవంబరు నుంచి ఆ మార్పు అమల్లో ఉంది. "ఇది వ్యక్తిగత సమాచారం, ఇవ్వం" అనడానికి అధికారులకు దారి వెడల్పయింది. అయినా 8(2) సెక్షన్ అట్లాగే ఉంది. ప్రజా ప్రయోజనం పెద్దదైతే ఇవ్వొచ్చని అది చెబుతుంది. అభ్యర్థి ఓటర్ల కోసం ఇచ్చిన ప్రకటన ఇదని అర్జీలో ఒక వాక్యం కలపడం మంచిది.

నిజానికి అడ్డం పడేది చట్టం కంటే మొహమాటం. సర్పంచ్ మన బజారువాడే, పెళ్లిలో పక్క విస్తరే. ఎట్లా అడిగేది? ఈ ఊరి రాముడి గుడి కోసం వావిలకొలను సుబ్బారావు టెంకాయచిప్ప చేతబట్టి ఊరూరా చందాలు అడిగారు. సొమ్ము అడగడానికి ఆయన సిగ్గుపడలేదు. మన సొమ్ముకు లెక్క అడగడానికి మనకెందుకు?

అపోహ: ప్రకటనలో ఉందంటే అధికారులు సరిచూసినట్టే.

రిటర్నింగ్ అధికారి కాగితం పూర్తిగా నింపారా, సంతకాలున్నాయా అని చూస్తాడు. ఆ మూడెకరాలు మూడేనా, పదమూడా అని పొలం గట్టుకు పోయి చూడడు. ఆ పని మనం కొంతవరకు చేయొచ్చు. మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1-బి అనే భూమి రికార్డులు ఉంటాయి. ప్రకటనలోని సర్వే నంబర్లతో పోల్చుకోండి.

అపోహ: ఆస్తులు తెలిస్తే అంతా తెలిసినట్టే.

అసలు కిటుకు ఇక్కడుంది. ఆ ప్రకటనలో ఇల్లు, పొలం, బంగారం, అప్పు ఉంటాయి. నామినేషన్ నాటి ఫోటో అది. గెలిచాక పంచాయతీ పనిలో ఎవరికి వాటా ఉందో అందులో ఉండదు. ఇంగ్లండులో 2011 నాటి చట్టం ప్రకారం కౌన్సిలర్ పదవిలోకి వచ్చిన 28 రోజుల్లో తన ఉద్యోగం, భూములు, కౌన్సిల్‌తో ఉన్న కాంట్రాక్టులు, భార్య లేదా భర్తవి సహా, రిజిస్టరుకు ఎక్కించాలి, అది కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పెడతారు. మనకు ఆ రిజిస్టరు ఒకేచోట దొరకదు, మనమే కూర్చుకోవాలి.

దానికి పనికొచ్చేవి బిల్లులు. ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటూ పోతే చెల్లింపుల వోచర్లు వస్తాయి. ఏ తేదీన, ఏ పథకం కింద, ఎంత, ఎవరికి. ఉపాధి హామీ వెబ్‌సైట్‌లో సిమెంటు, కంకర సరఫరా చేసిన వెండర్ల పేర్లుంటాయి. ఒక చేత్తో ప్రకటన నకలు, ఇంకో చేత్తో వోచర్ల జాబితా పట్టుకుని పేర్లు చూడండి. ప్రకటనలో భార్య లేదా భర్త పేరు, అభ్యర్థి మీద ఆధారపడినవాళ్ల పేర్లు ఉంటాయి. అదే పేరు వెండర్ల జాబితాలో కనిపిస్తే ఆగి మళ్లీ చదవాల్సిందే. బామ్మర్ది పేరు మీద బిల్లు ఎత్తితే ఏ కాగితమూ చెప్పదు, అది మాత్రం ఊరికి తెలుస్తుంది. అనుమానమున్న పనికి ఎం.బుక్ (కొలతల పుస్తకం) చూపించమని సమాచార హక్కు కింద అడగండి. రికార్డు చూడటానికి మొదటి గంట ఉచితం.

గ్రామసభ కూడా ఉంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు సభలు పెట్టారు. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కోడూరు వైపు మైసూరవారిపల్లెకు వచ్చారు. అంత హడావుడి లేని మామూలు సభలోనైనా ప్రశ్న అడిగి, మినిట్స్‌లో రాయించండి.

అపోహ: పేరు కనపడింది, ఇక పదవి ఊడినట్టే.

అంత తొందర వద్దు. 1994 పంచాయతీరాజ్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పంచాయతీతో నడుస్తున్న కాంట్రాక్టులోగానీ పనిలోగానీ ప్రయోజనం ఉన్నవారు మెంబరుగా అనర్హులు. దానికి మినహాయింపులూ ఉన్నాయి. ఒక కంపెనీలో ఉత్త వాటాదారు అయితే అది లెక్కలోకి రాదు. బంధువు పేరు కనపడటం ఆధారానికి మొదలే, రుజువు కాదు. వాట్సాప్ గ్రూపులో "దొంగ దొరికాడు" అని పెట్టారంటే కేసు మీ మీదికే రావచ్చు.

ఓటరుగా మీరు చేయగలిగింది పంచాయతీ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడం. అది జిల్లా పంచాయతీ అధికారి ద్వారా ఆ మెంబరుకు చేరుతుంది. ఆయన కాదంటే తేల్చేది కోర్టు. ఫిర్యాదు రెండు ప్రతులు తీసుకుపోండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకున్నాకే గడప దిగండి.