హోదా లేని ప్రతిపక్షం

బ్రిటన్‌లో ముఖ్య శాఖలన్నిటికీ ప్రతిపక్షం ఛాయామంత్రులను నియమిస్తుంది. ఢిల్లీలోని మన పార్లమెంటులో ఆ సంప్రదాయం స్థిరపడలేదు. మరి మంత్రులను నిలదీసేదెవరు? 1984 ఎన్నికలను గమనించండి. 30 స్థానాలతో తెలుగుదేశం లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. సభలో పదోవంతు బలం లేనందున ప్రతిపక్ష నాయకుని హోదా మాత్రం దక్కలేదు. విమర్శకు ఆ హోదా తప్పనిసరా? ప్రభుత్వ ఖాతాల సంఘాన్ని పరిశీలించండి. 1967 నుండి దాని అధ్యక్షత ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 1985లో అది కర్నూలు సభ్యుడు, తెలుగుదేశానికి చెందిన ఇ. అయ్యపురెడ్డికి లభించింది. 22 మంది సభ్యుల ఈ సంఘంలో మంత్రులకు చోటు లేదు. కాగ్ నివేదికల ఆధారంగా శాఖల కార్యదర్శులను పిలిపించి సంజాయిషీ అడుగుతుంది. ఇక్కడ నినాదాలుండవు, కాగితాలే మాట్లాడతాయి. సిఫారసులపై తీసుకున్న చర్యలను ప్రభుత్వం ఆరు నెలల్లో తెలపాలి. చిక్కల్లా ఒక్కటే: ఈ పరిశీలన డబ్బు ఖర్చయ్యాకే మొదలవుతుంది.