మీకు తెలుసా? పంటి మచ్చకు మూలం దవడలోనే

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పెద్దవాళ్లు నవ్వితే కొందరి పళ్లపై గోధుమరంగు చారలు కనిపిస్తాయి. బోరునీళ్లలోని ఫ్లోరైడ్ పని అది. అయితే దెబ్బ తగిలేది పన్ను మొలిచాక కాదు, దవడలో తయారవుతున్నప్పుడే!

పాలపళ్లకు పునాది గర్భంలో ఆరో వారానికే పడుతుంది. ఆ తర్వాత పంటి పైపొర అయిన ఎనామిల్‌ను కట్టే కణాల్లో రెండు ఎంజైమ్ జన్యువులు వంతులవారీగా పనిలోకి దిగుతాయి. ముందు ఎంఎంపీ20 ఎంజైమ్ ఎనామిల్‌లోని ప్రొటీన్‌ను ముక్కలు చేస్తుంది, ఆనక కేఎల్‌కే4 ఆ ముక్కల్ని ఇంకా చితగ్గొట్టి ఖనిజానికి చోటిస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువైతే ప్రొటీన్ పూర్తిగా పోదు, ఎనామిల్ గుల్లబారుతుంది. శాశ్వత దంతాలకు ఈ గండం పుట్టాక తొలి ఏళ్లలో. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు. జిల్లా కోరుకోని ఖ్యాతి!