చాలకాలము కదలని మోటారుసైకిలు

విజయవాడ నగరమున ఇంద్రకీలాద్రికి చేరువనున్న వన్ టౌను మిక్కిలి పాతపేట. అచ్చటి సందులు ఇరుకైనవి. వస్త్రలతలోని బట్టల కొట్లకును, కాళేశ్వరరావు మార్కెట్టునకును సరకు చేర్చు చిన్న వర్తకులలో పలువురికి మోటారుసైకిలే ఆధారము. బండి నడిచిననే వారికి నాటి సంపాదన దక్కును.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధిని అరికట్టుటకై మార్చి 25వ తేదీ మొదలు మే 31వ తేదీ వరకు, అనగా 68 దినములు, దేశమంతటను రాకపోకలపై కట్టుబాట్లు విధింపబడినవి. ఎన్నియో వాహనములు ఇండ్లముందు కదలక నిలిచిపోయినవి. బెజవాడలో ఎండలు మండిపోవు దినములు కూడ అవియే. ఇట్లు చాలకాలము నిలిచిన బండి పలుమార్లు కిక్కు కొట్టినగాని అంటుకొనదు. చోకు వేసియుంచినంతసేపు తిరిగి, చోకు తీయగానే ఆగిపోవును. యజమాని ఇంజను చెడిపోయినదని భయపడి, దానిని విప్పించుటకు సిద్ధపడును. కాని నిలిచిన బండిలో తరచుగా చెడునది ఇంజను కాదు, పెట్రోలు.

పెట్రోలు ఒకే పదార్థము కాదు. అనేక ద్రవముల మిశ్రమము. వానిలో తేలికైనవి సులభముగా ఆవిరియగును. చల్లని ఇంజనులో మొదట అంటుకొనునవి అవియే. ఎండవేడికి అవి ఎగిరిపోగా బరువైనవి మిగిలి, గాలిలోని ప్రాణవాయువుతో కలిసి క్రమముగా జిగురుగా మారును. అదియును గాక, నేడు మన పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలుపుచున్నారు. అది గాలిలోని తేమను పీల్చుకొనును. నదియు, కాలువలును గల కృష్ణా డెల్టాలో వానకాలపు గాలి తేమతో నిండియుండును. పెట్రోలునుండి వేరుపడిన నీరు బరువైనది గావున టాంకు అడుగునకు చేరును.

ఈ జిగురు కార్బ్యురేటరులో పేరుకొనును. కార్బ్యురేటరు పెట్రోలును గాలితో తగిన పాళ్లలో కలుపు సాధనము. తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు 15 పాళ్ల గాలి కావలెను. పెట్రోలు ఇత్తడి జెట్టుల సన్నని రంధ్రముల గుండ వచ్చును. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు పనిచేయు స్లో జెట్టు రంధ్రము సాధారణముగా అర మిల్లీమీటరు కంటె సన్నము. దానిని మూయుటకు కొలదిపాటి జిగురే చాలును. అప్పుడు గాలి ఎక్కువై పెట్రోలు తక్కువగును. చోకు గాలిని తగ్గించును గనుకనే అది వేసినప్పుడు మాత్రము ఇంజను తిరుగును.

వైద్యుడు లక్షణములను బట్టి వ్యాధిని గుర్తించునట్లు మెకానిక్కును లోపమును గుర్తించును. బండి నిలిపినప్పుడు ఇంజను ఆగిపోయి, వేగమున బాగుగా నడచినచో లోపము స్లో జెట్టునందుండును. వేగమున తడబడినచో మెయిన్ జెట్టునందో, పెట్రోలు వచ్చు దారియందో ఉండును. టాంకు మూతలోని గాలిరంధ్రము మూసుకొనినను ఇట్లే జరుగును.

పరీక్షను సులభమైన దానితో ప్రారంభింపవలెను. నాలుగింటిని ఒకేమారు మార్చినచో దేనివలన బాగైనదో తెలియదు. మొదట పాత పెట్రోలును తీసి గాజుసీసాలో పోసి చూడవలెను. అడుగున నీరు కనబడినను, వార్నీషు వాసన వచ్చినను దానిని తొలగించి క్రొత్తది పోయవలెను. పిదప స్పార్కు ప్లగ్గును చూడవలెను. కొన నల్లని మసి పట్టినచో పెట్రోలు ఎక్కువ. తడిసియున్నచో పెట్రోలు చేరియు మండుట లేదు. తెల్లబారినచో పెట్రోలు చాలుట లేదు. తరువాత ఎయిర్ ఫిల్టరు. నిలిచిన బండ్లలో ఎలుకలు గూడు కట్టుటయు కలదు. ఇవన్నియు సరిగానున్నను లోపము తీరనిచో కార్బ్యురేటరును విప్పవలెను. జెట్టును ద్రావకముతో కడిగి, గాలి కొట్టి శుభ్రపరుపవలెను గాని ఉక్కుసూదితో పొడువరాదు. ఇత్తడి మెత్తనిది, రంధ్రము పెద్దదైనచో కొలత చెడును.

2020 ఏప్రిల్ నుండి అమలైన బి.ఎస్.6 నియమముల పిమ్మట క్రొత్త బండ్లలో చాలవరకు కార్బ్యురేటరునకు బదులు ఇంజెక్టరు వచ్చినది. ఇట్టి బండ్లలో బ్యాటరీని మొదట పరీక్షింపవలెను. వాడకున్నను బ్యాటరీ తనంతట తానే నీరసించును.

ఈ పనులు తెలిసిన పెద్దలే, ఇంజను చల్లారిన పిమ్మట, ఆరుబయట చేయవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలవెంట ప్రాకి దూరముననున్న దీపము వలన గూడ అంటుకొనును. మూసిన గదిలో ఇంజనును నడిపినచో దాని పొగలోని కార్బను మోనాక్సైడు ప్రాణములు తీయును. టైర్లను, బ్రేకులను పరీక్షింపక బండిని వీధిలోనికి తీయరాదు.

బండిని చాలదినములు నిలుపవలసివచ్చినచో టాంకును నింపి, కార్బ్యురేటరులోని పెట్రోలును తీసివేసి, బ్యాటరీ తీగను విడదీయవలెను. నిండిన టాంకులో తేమగాలికి చోటుండదు. పది నిమిషముల ఈ శ్రద్ధ పిదప పది దినముల సంపాదనను నిలుపవచ్చును. చెడిన యంత్రమును సుత్తితోను, కోపముతోను బాగుచేయలేము. కారణమును వెదకి, ఒక్కొక్కటిగా పరీక్షించు ఓర్పే నిజమైన పనిముట్టు.