కండలు పెంచే సూది – కుంచించుకుపోయే గ్రంథి

వినాళ గ్రంథుల పాఠం చెప్పిన రోజున పిల్లలను ప్రశ్నలు చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా బల్లమీది డబ్బాలో వేయమంటాను. నోటితో అడగడానికి సిగ్గుపడే సంగతులు అలా బయటికి వస్తాయి. ఒకసారి అందులో ఈ చీటీ దొరికింది:

‘మాస్టారూ, జిమ్‌లో ఒక అన్న సూదిమందు వేయించుకుంటే మూడు నెలల్లో కండలు వస్తాయంటున్నాడు. ఇంకో అన్నేమో దానివల్ల మగతనం పోతుందంటున్నాడు. అది మగ హార్మోనేనట గదా! మరి మగ హార్మోను ఎక్కించుకుంటే మగతనం ఎలా పోతుంది?’

ఎవరు రాశారో గాని, ఆ చివరి ప్రశ్న వేసినవాడు ఆలోచించగలవాడు. దానికి జవాబు వెతుకుదాం.

పల్లెటూరి పిల్లలకు ఆంబోతుకూ ఎద్దుకూ తేడా ఒకరు చెప్పనక్కరలేదు. విత్తులు కొట్టిస్తే కోడె సాధువై కాడి కిందికి వస్తుంది. కొట్టించకపోతే మెడ బలిసి, రంకెలు వేస్తూ, కుమ్ములాటకు దిగుతుంది. రైతుకు ఇది వేల ఏళ్ళుగా తెలుసు. కారణం మాత్రం తెలియదు. 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో బెర్తోల్డ్ అనే ఆచార్యుడు ఆరు కోడిపుంజు పిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. అన్నింటికీ ముష్కాలు, అంటే వృషణాలు, తీసేశాడు. రెండింటిని అలాగే వదిలి, మిగిలిన నాలుగింటి పొట్టలో ఒక్కొక్క ముష్కాన్ని తిరిగి అమర్చాడు. ఆ నాలుగూ తలమీద ఎర్రని జుట్టుతో, కూతలతో, పోట్లాటలతో నిఖార్సయిన పుంజులయ్యాయి. మొదటి రెండూ కాలేదు. పొట్టలో అమర్చిన ముష్కానికి పాత నరాల సంబంధమేదీ లేదు. కొత్త రక్తనాళాలు మాత్రం అల్లుకున్నాయి. అంటే దాని ప్రభావం రక్తం ద్వారానే ఒంటినిండా పాకుతున్నదన్నమాట.

రక్తంలో పాకే ఆ పదార్థమే టెస్టోస్టిరోను. 1935లో ఎద్దుజాతి మగ పశువుల ముష్కాల నుంచి దానిని శుద్ధరూపంలో వేరుచేశారు. అదే ఏడు బుటెనాంట్, రుజీచ్కా అనే రసాయన శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేసి చూపారు. 1939 నోబెల్ బహుమతి వారిద్దరికీ వచ్చింది.

ఈ హార్మోను రెండు రకాల పనులు చేస్తుంది. మాంసకృత్తులను పేర్చి కండ కట్టడం ఒకటి. గడ్డం, మీసం, గొంతు మారడం వంటి పురుష లక్షణాలు తేవడం మరొకటి. మొదటి పనిని ఉంచి రెండోదాన్ని తీసేసిన మందు కోసం రసాయనికులు టెస్టోస్టిరోను అణువును రకరకాలుగా మార్చారు. నాండ్రొలోన్, స్టానొజొలాల్ వంటివి అలా పుట్టాయి. వీటినే అనబాలిక్ స్టెరాయిడ్లు అంటారు. రెండు పనులనూ పూర్తిగా విడదీయడం మాత్రం ఇంతవరకు ఎవరికీ చేతకాలేదు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు 9.79 సెకన్లలో పరుగెత్తిన బెన్ జాన్సన్ మూడు రోజులకే పతకం పోగొట్టుకున్నది స్టానొజొలాల్ వల్లనే.

ఇక్కడ ఒక మాట. ఉబ్బసానికీ, చర్మవ్యాధులకూ డాక్టర్లు ఇచ్చే స్టెరాయిడ్లు వేరు. అవి అధివృక్క గ్రంథి హార్మోనుల జాతివి. ఈ వ్యాసం చదివి ఎవరూ ఉబ్బసం మందు మానకండి!

మందు పనిచేస్తుందా? చేస్తుంది. చేయదని చెప్పే పెద్దల మాట పిల్లలు నమ్మరు, ఎదురుగా కండలు కనిపిస్తుంటాయి గనుక. 1996లో అమెరికాలో 43 మందిపై జరిపిన పరీక్షలో, వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరోను తీసుకుని వ్యాయామం కూడా చేసినవారికి పది వారాల్లో సగటున ఆరు కిలోల కొవ్వులేని బరువు పెరిగింది. గొడవ మరోచోట ఉంది.

మీ ఇంటి మీది నీళ్ళ ట్యాంకును గుర్తుతెచ్చుకోండి. నీటిమీద తేలే బంతి ఒకటి ఉంటుంది. నీళ్ళు తగ్గితే బంతి దిగి, కవాటం తెరుచుకుంటుంది. నిండితే బంతి లేచి కవాటం మూసుకుంటుంది. మన ఒంట్లో ఆ బంతి మెదడు అడుగున ఉంది. అక్కడి హైపోథలామస్ రక్తంలో టెస్టోస్టిరోను ఎంత ఉన్నదో గమనిస్తూ, తగ్గితే పీయూష గ్రంథిని తట్టిలేపుతుంది. పీయూష గ్రంథి ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అనే రెండు హార్మోనులను పంపుతుంది. మొదటిది ముష్కాలలో టెస్టోస్టిరోను తయారీకి, రెండోది శుక్రకణాల తయారీకి తోడ్పడతాయి.

పెద్దయిన మగవాడి ఒంట్లో రోజుకు తయారయ్యే టెస్టోస్టిరోను 3 నుంచి 10 మిల్లీగ్రాములే. కండల కోసం వాడేవారు చికిత్సకిచ్చే మోతాదుకు పది రెట్లు, ఒక్కోసారి వంద రెట్లు కూడా తీసుకుంటారు. అంటే ట్యాంకులోకి ఎవరో పైనుంచి బిందెలతో నీళ్ళు కుమ్మరిస్తున్నారు. బంతి లేచే ఉంటుంది. ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. ఆగిపోతాయి. సొంత కవాటం తెరుచుకునే పనే లేదు!

‘రక్తంలో కావలసినంత ఉంది గదా, ముష్కాలకేం లోటు?’ అంటారేమో. లోటు అక్కడే. శుక్రకణాలు తయారుకావాలంటే ముష్కాల లోపల టెస్టోస్టిరోను రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండాలి. అది అక్కడికక్కడ తయారయ్యేదే. సూదితో వచ్చేది ఆ లోటు తీర్చలేదు. ముష్కంలో ఎక్కువ భాగం శుక్రకణాలు తయారుచేసే సన్నని నాళికలే. వాటికి పని లేకపోతే అవి సన్నగిల్లి, ముష్కం చిన్నదైపోతుంది.

దీనికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏం కావాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 7 దేశాలలో 271 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు వారం వారం 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరోను ఇచ్చి, 1990లో ఫలితాలు ప్రకటించింది. ఎందుకిచ్చారో తెలుసా? కుటుంబ నియంత్రణ కోసం! వారిలో 157 మంది వీర్యంలో ఒక్క శుక్రకణమైనా కనబడని స్థితి వచ్చింది. ఆ అన్న కండల కోసం పొడిపించుకునే మందూ ఇదే.

ఇంకో విచిత్రం. ఎక్కువైన టెస్టోస్టిరోనులో కొంత భాగాన్ని మన ఒంట్లోని అరోమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రోజనుగా, అంటే స్త్రీ హార్మోనుగా మార్చేస్తుంది. దానితో కొందరు మగవాళ్ళకు రొమ్ములు పెరుగుతాయి. అలా పెరిగినవి ఒక్కోసారి శస్త్రచికిత్సతో తప్ప పోవు.

మందు మానేసినప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. బయటి నీళ్ళు ఆగాయి. లోపలి కవాటం తుప్పుపట్టి ఉంది. ఒంట్లో టెస్టోస్టిరోను అడుగంటిపోతుంది. లైంగిక వాంఛ సన్నగిల్లుతుంది, అంగస్తంభన సరిగా ఉండదు, నిస్సత్తువ ఆవరిస్తుంది. మనసు కుంగిపోతుంది, కొందరికి చచ్చిపోవాలనే ఆలోచనలు కూడా వస్తాయి. కష్టపడి పెంచుకున్న కండ కళ్ళముందే తగ్గుతుంటే దిగులు రెట్టింపవుతుంది. అది భరించలేక మళ్ళీ సూది పట్టుకుంటారు. వ్యసనం అలా బిగుసుకుంటుంది.

వాడుతున్నప్పుడు మనసు సంగతేమిటి? స్టెరాయిడ్ వాడిన ప్రతివాడూ కోపిష్టి అవుతాడన్న మాట నిజం కాదు. 2000లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరీక్షలో వారానికి 600 మిల్లీగ్రాముల దాకా తీసుకున్న 50 మందిలో 42 మందికి పెద్ద మార్పేమీ రాలేదు. మిగిలిన 8 మంది మాత్రం ఉద్రేకంతో ఊగిపోయారు. వారిలో ఇద్దరికి అది తీవ్రంగానే వచ్చింది. నన్ను భయపెట్టేది ఆ సంఖ్య కాదు. ఆ 8 మందికీ తక్కినవారికీ మొదట్లో చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనబడలేదు. ఎవరికి వస్తుందో ముందుగా పోల్చుకోలేమన్నమాట. పైగా అది డాక్టర్ల కనుసన్నలలో జరిగిన పరీక్ష. బయట రెండు మూడు మందులు కలిపి, ఇంకా ఎక్కువగా వాడతారు.

1990లలో హారిసన్ పోప్ అనే మానసిక వైద్యుడూ ఆయన సహచరులూ మరో రుగ్మతను వర్ణించారు. కొండంత కండలున్నవాడు అద్దంలో చూసుకుని ‘నేనింకా బక్కగానే ఉన్నాను’ అని కుమిలిపోతాడు, నలుగురిలో చొక్కా విప్పడానికి సిగ్గుపడతాడు. అలాంటివాడికి ఎన్ని సూదులైనా చాలవు.

మీ వయసువారికి మరొక నష్టం ఉంది. పొడవాటి ఎముకల చివర ఉండే మృదులాస్థి పొరలే మనను పొడుగు పెంచుతాయి. ఈ మందులతో అవి ముందుగానే ఎముకగా గట్టిపడతాయి. ఇక పొడుగు పెరగడం ఉండదు. మొటిమలు, బట్టతల, కాలేయానికీ గుండెకూ చేటు వంటివి సరేసరి.

చీటీ రాసిన అబ్బాయీ, అన్నలిద్దరూ చెప్పింది నిజమే. పోయినది తిరిగి వస్తుందా? చాలామందికి వస్తుంది, ఆలస్యంగా. ఒక శుక్రకణం తయారై పక్వం కావడానికే రెండు నెలలకు పైగా పడుతుంది. గ్రంథులు మేలుకోవడానికి నెలలు, కొందరికి ఏడాది రెండేళ్ళు. ఎంతకాలం, ఎంత మోతాదు వాడాడన్నదాన్ని బట్టి ఉంటుంది. కొద్దిమందికి పూర్తిగా రాదు.

ఇప్పటికే వాడుతున్నవారు మీకు తెలిసి ఉంటే, వినాళ గ్రంథుల వైద్యుడి దగ్గరకు వెళ్ళి దాచకుండా చెప్పమనండి. అవసరమైతే సొంత గ్రంథులను మేలుకొలిపే మందులు ఆయన ఇస్తాడు. చెప్పకపోయినా రక్తం చాలావరకు చెప్పేస్తుంది: టెస్టోస్టిరోను మోతాదు మించి ఉండి, ఎల్.హెచ్. దాదాపు సున్నా అయితే, నీళ్ళు పైనుంచి పోస్తున్నారేమోనని ఆ డాక్టరు వెంటనే అనుమానిస్తాడు.