ఒక్క బాణపు గుర్తు వెనుక

జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థి గదిలోకి మీరెప్పుడైనా తొంగి చూశారా? గోడమీద ఒక పెద్ద పటం వ్రేలాడుతూ ఉంటుంది. దూరం నుంచి అది ఏదో మహానగరపు రైలుమార్గాల పటంలా కనిపిస్తుంది. దగ్గరకు వెళ్ళి చూస్తే స్టేషన్ల పేర్లకు బదులు నోరు తిరగని రసాయనాల పేర్లు, వాటి నడుమ వందలకొద్దీ బాణపు గుర్తులు. మనం తిన్న అన్నం ఏ దారిన శక్తిగా మారుతుందో, పప్పులోని మాంసకృత్తులు ఏ మలుపు తిరిగి మన కండలో కలుస్తాయో, మిగిలిన నత్రజని ఏ మార్గాన బయటికి పోతుందో అంతా అందులో ఉంది. ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ నికల్సన్ 1950లలో ఇటువంటి పటం ఒకటి తయారుచేసి, క్రొత్త సంగతులు తెలిసినకొద్దీ దశాబ్దాల తరబడి దానిని సవరిస్తూ వచ్చాడు.

మన విశ్వవిద్యాలయాలలో ఈ చదువు సాధారణంగా రెండు భాగాలుగా సాగుతుంది. మొదటి భాగం అణువుల నిర్మాణం: చక్కెరలు, క్రొవ్వులు, మాంసకృత్తులు, వాటిలో ఏ పరమాణువు దేనిని అంటిపెట్టుకొని ఉంటుందో తెలుసుకోవడం. రెండవ భాగం జీవక్రియ: ఏ పదార్థం ఏ పదార్థంగా మారుతుందో తెలుసుకోవడం. రెండూ వేర్వేరు పేపర్లు కావడంతో విద్యార్థి వాటిని వేర్వేరుగా కంఠస్థం చేస్తాడు. పరీక్ష వ్రాసిన మరునాడు వేర్వేరుగానే మరచిపోతాడు.

నిజానికి ఈ రెండూ ఒకే పాఠం. అణువు ఆకారాన్నిబట్టే అది నడిచే దారి ఏర్పడుతుంది. ఆకారం ఒక్కచోట మారితే ఒక బాణం తెగిపోవచ్చు. బాణం తెగితే ఏమవుతుందో తెలియాలంటే, ముందు ఆ బాణాలను ఎవరు, ఎలా గీశారో చూడాలి.

నీలిరంగు చెప్పిన నిజం

పటంలో అన్ని మూలలా కనిపించే పేరు ఒకటుంది: అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. విద్యార్థులు దానిని ఏటీపీ అని పిలుస్తారు. ఆహారంలోని శక్తిని కణం మొదట ఈ చిల్లర నాణెంగా మార్చుకుంటుంది. తరువాత ప్రతి పనికీ దానినే ఖర్చు పెడుతుంది. ఏ క్షణాన చూసినా మన శరీరంలో ఉండే ఏటీపీ స్వల్పమే. కాని అది విరుగుతూ, తిరిగి తయారవుతూ ఉంటుంది గనుక ఒక రోజులో ఉత్పత్తి అయ్యే మొత్తాన్ని కూడితే దాదాపు మన శరీరపు బరువంత అవుతుంది.

ఈ నాణెం జాడ తీసినవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1920ల ఆరంభంలో అమెరికా చేరాడు. బోస్టన్‌లోని ఆసుపత్రిలో రాత్రిళ్ళు చిన్న పనులు చేసుకుంటూ, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో అడుగుపెట్టాడు. రక్తంలోనూ కండలోనూ భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ద్రావణం నీలిరంగుకు తిరుగుతుంది. నీలం ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువ అన్నమాట. మన కళాశాలల ప్రయోగశాలలలో విద్యార్థులు చేసే ఫిస్క్–సుబ్బారావు పరీక్ష ఇదే.

ఆ నీలిరంగుతోనే వారు 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. కండ పనిచేస్తే అది విరుగుతుంది, విశ్రమిస్తే తిరిగి ఏర్పడుతుంది. కండ కదలికకు మూలం లాక్టిక్ ఆమ్లమే అని పండితులు నమ్ముతున్న రోజులవి. ఆ నమ్మకం ఇక్కడే కదిలింది. 1929లో ఏటీపీని సైతం వారు వేరుచేశారు; అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. పుస్తకంలో మూడక్షరాలుగా కనిపించే పేరు వెనుక ఇన్ని రాత్రుల శ్రమ ఉంది.

పావురం కండ, గానుగెద్దు

పటం నడిబొడ్డున గుండ్రటి మార్గం ఒకటి కనిపిస్తుంది. దానిని గీసినవాడు హాన్స్ క్రెబ్స్. యూదు కుటుంబంలో పుట్టిన కారణంగా 1933లో జర్మనీలో ఉద్యోగం పోగొట్టుకొని ఇంగ్లండుకు వచ్చాడు. షెఫీల్డ్‌లో అతడు పావురపు రొమ్ము కండను మెత్తగా తరిగి, అది ప్రాణవాయువును ఎంత వేగంగా పీల్చుకుంటుందో కొలిచాడు. ఎగిరే పక్షి కండ గనుక అందులో ఇంధనం చురుకుగా మండుతుంది. నిమ్మపులుసులో ఉండే సిట్రిక్ ఆమ్లాన్ని కొద్దిగా కలిపితే చాలు, ఆ ఆమ్లం మాత్రమే మండితే ఖర్చయ్యేదానికంటే ఎన్నోరెట్లు ఎక్కువ ప్రాణవాయువు ఖర్చయింది.

దీని అర్థమేమిటి? కలిపిన ఆమ్లం మండి బూడిద కావడం లేదు. గానుగెద్దులా తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వస్తున్నది. ఒక్కొక్క చుట్టుకూ శక్తి పిండబడుతున్నది. ఈ సంగతిని క్రెబ్స్ 1937లో ‘నేచర్’ పత్రికకు లేఖగా పంపితే, తమవద్ద ఇప్పటికే లేఖలు చాలినన్ని ఉన్నాయని వారు త్రిప్పి పంపారు. అది మరొక పత్రికలో అచ్చయింది. 1953లో క్రెబ్స్‌కు నోబెల్ బహుమతి లభించింది. ఈ ప్రయోగం తెలిసిన విద్యార్థికి ఆ మార్గం గుండ్రంగా ఎందుకున్నదో ఎవరూ చెప్పనక్కరలేదు.

లాకు మూసుకుపోతే

ఇక తెగిన బాణం సంగతి. 1934లో నార్వేలో ఒక తల్లి తన ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుని వద్దకు వెళ్ళింది. పుట్టినప్పుడు ఆరోగ్యంగా ఉన్న పిల్లలు పెరిగినకొద్దీ బుద్ధిమాంద్యానికి లోనయ్యారు. వారి వంటినుంచి ఏదో ముతక వాసన వస్తున్నదని ఆమె ఎందరికో చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. ఫోలింగ్ పట్టించుకున్నాడు. పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడు కలపగా అది ఆకుపచ్చరంగుకు తిరిగింది. ఆ రంగుకు కారణమైన పదార్థాన్ని ఓపికగా వేరుచేసి, అది ఫినైల్‌పైరూవిక్ ఆమ్లమని తేల్చాడు.

జరిగింది ఇది: మాంసకృత్తులలో ఉండే ఫినైల్‌అలనిన్ అనే ఎమైనో ఆమ్లాన్ని ఆరోగ్యవంతుల కాలేయంలోని ఒక ఎంజైము టైరోసిన్‌గా మారుస్తుంది. పటంలో అది ఒక్క బాణపు గుర్తు. ఆ పిల్లలలో ఆ ఎంజైము పనిచేయడం లేదు. కాలువ లాకు మూసుకుపోతే ఎగువన ముంపు, దిగువన ఎండ తప్పవు కదా! ఎగువన పేరుకుపోయిన ఫినైల్‌అలనిన్ ఎదుగుతున్న మెదడును దెబ్బతీస్తుంది. చర్మానికి, జుట్టుకు నలుపునిచ్చే వర్ణకం టైరోసిన్‌నుంచి తయారవుతుంది గనుక, దిగువన ఆ రంగూ పలుచబడుతుంది.

బాణం ఎక్కడ తెగిందో తెలిస్తే మార్గాంతరం ఆలోచించవచ్చు. ఫినైల్‌అలనిన్‌ను కొలిచి కొద్దిగా మాత్రమే ఇచ్చే ఆహారంతో బిడ్డను కాపాడవచ్చునని 1950లలో బర్మింగ్‌హామ్‌లో హార్స్ట్ బికెల్ బృందం చూపింది. బొత్తిగా మానేయడానికి వీలులేదు. శరీరం దానిని స్వయంగా తయారుచేసుకోలేదు. 1960లలో అమెరికాకు చెందిన రాబర్ట్ గథ్రీ, పసికందు మడమనుంచి తీసిన ఒక్క రక్తపు బొట్టుతో ఈ లోపాన్ని కనిపెట్టే పరీక్షను వాడుకలోకి తెచ్చాడు. మెదడు చెడకముందే ఆహారం మారిస్తే బిడ్డ అందరిలా ఎదుగుతుంది. అనేక దేశాలలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష చేస్తారు; మన దేశంలో అది ఇంకా ప్రతి ప్రసూతి గదికీ చేరలేదు. ఆస్పర్టేమ్ కలిపిన పానీయాల డబ్బాలమీద ఫినైల్‌కీటోన్యూరియా ఉన్నవారు వాడరాదని చిన్న అక్షరాలలో కనిపించే హెచ్చరికకు మూలం ఆ నార్వే తల్లి పట్టుదలే.

ఒక్క అక్షరం మారితే

ఎంజైము ఎందుకు పనిచేయకుండా పోతుంది? ఇక్కడే నిర్మాణపు పాఠం అవసరమవుతుంది. మాంసకృత్తు అంటే ఎమైనో ఆమ్లాలను పూసలుగా గ్రుచ్చిన దండ. ఆ దండ తోచినట్టల్లా ముడుచుకోదు. ఏ మలుపులకు వీలుందో, ఎక్కడ పరమాణువులు ఒకదానినొకటి ఢీకొంటాయో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ తన సహచరులు రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి లెక్కగట్టాడు. ‘రామచంద్రన్ పటం’ అనే పేరుతో అది ప్రపంచంలోని జీవరసాయన పాఠ్యగ్రంథాలలో స్థానం సంపాదించుకున్నది. క్రొత్తగా కనుగొన్న మాంసకృత్తు నిర్మాణం సరిగా ఉన్నదో లేదో తేల్చుకోవడానికి శాస్త్రజ్ఞులు నేటికీ ఆ పటంతో సరిచూసుకుంటారు.

దండలో ఒక్క పూస మారితే ఏమవుతుంది? ‘బిడ్డకు పాలు ఇచ్చారు’ అన్న వాక్యంలో ఒక్క అక్షరం మారి ‘పాము’ అని పడితే ఏమవుతుందో ఊహించండి. రక్తానికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్‌లో నాలుగు దండలు, వాటిలో మొత్తం 574 పూసలు ఉంటాయి. కొందరిలో బీటా దండలోని ఆరవ పూస గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలిన్ అవుతుంది. నీటిని కోరే పూస పోయి, నీటిని తప్పించుకునే పూస వచ్చిందన్నమాట. ప్రాణవాయువును వదిలివేసిన వెంటనే ఆ హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కొని పొడవైన పోగులవుతాయి. గుండ్రటి రక్తకణం కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాలలో అడ్డుపడుతుంది. రోగి భరించరాని నొప్పితో మెలికలు తిరుగుతాడు. ఈ వ్యాధికి కారణం అణువులోనే ఉందని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపింది. మారిన పూస ఏదో 1957లో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు.

ఇది ఎక్కడో దూరదేశపు జబ్బు కాదు. మన దేశంలో దీనిని మొదట 1952లో నీలగిరి కొండల గిరిజనులలో గుర్తించారు. మధ్యభారతంలోనూ, ఆంధ్ర, తెలంగాణలలోని ఏజెన్సీ ప్రాంతాలలోనూ ఇది ఉంది. తల్లిదండ్రులలో ఒకరినుంచి మాత్రమే ఈ లోపం వస్తే మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. పైగా తీవ్రమైన మలేరియానుంచి కొంత రక్షణ సైతం లభిస్తుంది. ఇద్దరూ అటువంటివారే అయితే కలిగే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం, 40 ఏళ్ళ లోపువారిలో 7 కోట్ల మందికి పరీక్షలు జరపాలనీ, 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలనీ లక్ష్యంగా పెట్టుకున్నది. నొప్పిని తగ్గించే హైడ్రాక్సీయూరియా వంటి మందులూ అందుబాటులో ఉన్నాయి.

ఎలా చదవాలి?

కనుక జీవరసాయనం చదివే విద్యార్థికి ఒక సూచన. పటంలోని బాణాలన్నింటినీ ఒక్క రాత్రిలో మింగవద్దు. రోజుకొక బాణంమీద వ్రేలు పెట్టి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మార్పును ఏ ఎంజైము చేస్తున్నది? ఆ ఎంజైము ఆకారానికీ ఈ పనికీ సంబంధమేమిటి? ఈ దారి మూసుకుపోతే ఎగువన ఏమి పేరుకుంటుంది, దిగువన దేనికి కరువు వస్తుంది? మూడింటికీ జవాబు తెలిస్తే ఆ బాణం మీకు కంఠస్థం చేయకుండానే గుర్తుంటుంది.

విద్యార్థుల తల్లిదండ్రులకూ ఒక మాట. ఈ చదువు ఎందుకు పనికివస్తుందని బంధువులు అడిగితే వెనుకాడకండి. రేపు ఒక ఏజెన్సీ గ్రామంలో పెళ్ళి నిశ్చయమైన జంట రక్తపరీక్ష కాగితాలు చేతబట్టుకొని వచ్చినప్పుడు, వాటిలో ఉన్నదేమిటో వారి భాషలో, భయపెట్టకుండా చెప్పగలిగిన మనిషి ఒకరు కావాలి. ఆరవ పూస సంగతి అర్థం చేసుకుని చదివినవారే ఆ పని చేయగలరు.