నీటితో మైలేజీ: పాత కారు, పాత ఆశ, ఒక లెక్క

2008 వేసవిలో అమెరికాలో పెట్రోలు ధర గ్యాలనుకు 4 డాలర్లు దాటింది. ఆ రోజుల్లో ఇళ్ళ గరాజ్‌లలో ఒక చిన్న పరికరం విరివిగా తయారయింది. ఒక డబ్బా, అందులో స్టెయిన్‌లెస్ స్టీల్ పలకలు, కొద్దిగా పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన నీరు, బ్యాటరీ నుంచి రెండు తీగలు, ఇంజను గాలి పీల్చుకునే మార్గంలోకి ఒక రబ్బరు గొట్టం. దీనికి హెచ్‌హెచ్‌ఓ జనరేటర్ అని పేరు. పాత కారుకు అమర్చుకుంటే మైలేజీ మూడో వంతో, సగమో పెరుగుతుందని ప్రచారం. పెట్రోలు ప్రియమైనప్పుడల్లా ఈ ప్రచారం మళ్ళీ తలెత్తుతుంది. అమ్మకందార్లతోపాటు, చేతిపని తెలిసిన నిజాయితీపరులు కూడా దీన్ని నమ్మారు. వారు ఎక్కడ పొరబడ్డారో తెలుసుకోవడం అవసరం.

ఈ ఆశకు పునాదిగా ఉన్న విజ్ఞానం నిజమైనదే. నీటిలోకి విద్యుత్తును పంపితే అది హైడ్రొజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోతుందని నికల్సన్, కార్లైల్ 1800లోనే చూపారు. హైడ్రొజన్ మంట పెట్రోలు మంటకంటే ఎంతో వేగంగా వ్యాపిస్తుంది. పెట్రోలుకు హైడ్రొజన్ జోడిస్తే ఇంజను మరింత పలుచని మిశ్రమంతో నడవగలదని 1977లో నాసా ప్రచురించిన ఒక అధ్యయనం తెలిపింది. ప్రచారకులు తరచు చూపే ఆధారం ఇదే. అయితే ఆ ప్రయోగాల్లో హైడ్రొజన్‌ను సిలిండర్ల నుంచి, మెథనాల్ నుంచి తెచ్చారు. కారు ఆల్టర్నేటర్‌తో తయారు చేయలేదు. వాడిన పరిమాణం కూడా ఈ డబ్బా ఇవ్వగలిగినదానికి ఎన్నో రెట్లు.

అసలు చిక్కు ఆ ఆల్టర్నేటర్ దగ్గరే ఉంది. ఆరు గదులున్న పరికరం 13.8 వోల్టుల వద్ద 20 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, ఫారడే సూత్రం ప్రకారం గంటకు సుమారు 75 లీటర్ల వాయువు వస్తుంది. అందులో హైడ్రొజన్ 50 లీటర్లు, అంటే నాలుగున్నర గ్రాములు. దానిలోని శక్తి 17 మిల్లీలీటర్ల పెట్రోలుతో సమానం. ఇది రాబడి.

ఇక ఖర్చు. పరికరానికి కావలసిన విద్యుత్తు 276 వాట్లు. ఆల్టర్నేటర్ సామర్థ్యం 55 శాతం అనుకుంటే, దాన్ని తిప్పడానికి ఇంజను 500 వాట్లు ఇవ్వాలి. పెట్రోలులోని శక్తిలో ఇంజను పనిగా మార్చగలిగేది సుమారు నాలుగో వంతు. కనుక అదనంగా 2,000 వాట్లకు సరిపడా పెట్రోలు మండాలి. అది గంటకు దాదాపు 225 మిల్లీలీటర్లు. పదిహేడు రాబట్టడానికి రెండువందల పాతిక వెచ్చించడమన్నమాట.

ఈ వాయువు ఇంధనం కాదని, పెట్రోలును పూర్తిగా మండించే ప్రేరకమని సమర్థకులు జవాబిస్తారు. కానీ ఆరోగ్యంగా ఉన్న ఇంజనులో పెట్రోలు 97 శాతానికి పైగా మండుతూనే ఉంటుంది. నష్టమంతా పొగగొట్టం ద్వారా, రేడియేటర్ ద్వారా పోయే వేడిలో ఉంది. పైగా రెండు లీటర్ల ఇంజను మామూలు ప్రయాణంలో నిమిషానికి వెయ్యి లీటర్లకు మించి గాలి పీలుస్తుంది. అందులో ఈ వాయువు లీటరున్నర కూడా ఉండదు.

మరి మైలేజీ పెరిగిందని చెప్పేవారంతా అబద్ధమాడుతున్నారా? అలా అనుకోనక్కరలేదు. గంటకు ఎనిమిది లీటర్లు తాగే కారులో రెండువందల మిల్లీలీటర్ల నష్టం రెండున్నర శాతమే. ఎదురుగాలి, ట్రాఫిక్, ట్యాంకు నింపే తీరు తెచ్చే తేడాల్లో అది కనబడదు. పరికరం పెట్టినవారు సాధారణంగా స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మారుస్తారు, టైర్లలో గాలి చూసుకుంటారు. ఫలితం కోసం ఎదురుచూస్తూ నెమ్మదిగా నడుపుతారు. ఆ లాభం డబ్బా ఖాతాలో పడుతుంది.

కొందరు ఇంకో అడుగు వేసి, ఆక్సిజన్ సెన్సర్ సంకేతాన్ని మార్చే చిన్న సర్క్యూట్ బిగిస్తారు. కంప్యూటర్ మోసపోయి పెట్రోలు తగ్గిస్తుంది. అప్పుడు కొంత ఆదా నిజంగానే కనిపించవచ్చు, కానీ నైట్రొజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, కవాటాలకూ కెటలిటిక్ కన్వర్టర్‌కూ ముప్పు. కాలుష్య నియంత్రణ వ్యవస్థను ఇలా మార్చడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. ఉద్గారాలపై ప్రభావం చూపే పరికరమేదైనా మినహాయింపు ఉత్తర్వు లేకుండా బిగించడాన్ని కాలిఫోర్నియా అనుమతించదు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం డబ్బాలోనే ఉంది. రెండు పాళ్ళ హైడ్రొజన్, ఒక పాలు ఆక్సిజన్ అంటే పేలడానికి సిద్ధంగా కలిపిన మిశ్రమం. చేతికి తెలియని స్థిరవిద్యుత్ రవ్వ చాలు అది అంటుకోవడానికి. ఇంజను వెనక్కి మంట చిమ్మితే అది గొట్టం వెంట డబ్బాను చేరవచ్చు. బ్యాటరీకి నేరుగా కలిపితే, ఇంజను ఆగాక కూడా వాయువు పుడుతూ బానెట్ కింద పోగవుతుంది. పొటాషియం హైడ్రాక్సైడ్ కంటిలో పడితే చూపే పోవచ్చు. దాని బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వెలువడుతుంది.

పాత కారు యజమానికి నిజంగా పనికొచ్చే మార్గాలు ఇంత ఆకర్షణీయంగా ఉండవు. చెడిపోయిన ఆక్సిజన్ సెన్సర్‌ను మారిస్తే కొన్ని కార్లలో మైలేజీ 40 శాతం దాకా మెరుగుపడవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. గంటకు 50 మైళ్ళు దాటాక మైలేజీ త్వరగా పడిపోతుందనీ అంటుంది. నీరు ఇంధనం కాదు. హైడ్రొజన్ ఒకసారి మండాక మిగిలిన బూడిద అది. ఆ బూడిదను మళ్ళీ ఇంధనంగా మార్చాలంటే, మంట ఇచ్చినదానికంటే ఎక్కువే చెల్లించాలి. కారులో ఆ బిల్లు చెల్లించేది పెట్రోలు ట్యాంకే.