సూరతు నుండి ఓరుగల్లునకు: ఇనుపదారి యెరిగిన యెల్లలు

సూరతు చెంతనున్న ఉధనా జంక్షను విడిచి తపతీ లోయ వెంబడి తూర్పుగా నూరు కిలోమీటర్లకు పైబడి పోయినచో నవాపూర్ అను చిన్న స్టేషను వచ్చును. గుజరాత్, మహారాష్ట్రముల సరిహద్దు రేఖ ఆ ప్లాట్‌ఫారము నడ్డముగా ఖండించుచు పోవును. టిక్కెట్ల గది మహారాష్ట్రమునందును, స్టేషను మాస్టరు గది గుజరాతునందును ఉండుటయు, ప్రయాణికులు కూర్చుండు బల్ల యొకటి సగము ఇటును సగము అటును పడుటయు, ప్రకటనలు నాలుగు భాషలలో వినవచ్చుటయు చూచి కొత్తవారు ముచ్చటపడి ఛాయాచిత్రములు తీసికొందురు. కాని ఆ స్టేషనును దాటిపోవు ఇంజనునకు ఆ రేఖ ఉనికియే తెలియదు. అటు నిటు పట్టాల వెడల్పు 1,676 మిల్లీమీటర్లే. తీగెలోని విద్యుత్తు 25,000 వోల్టులే. సిగ్నళ్ల రంగులు అవియే.

ఈ భేదము తెరపై రైలు నడుపువారికిని పట్టించుకొనదగినది. కంప్యూటరు తెరపై రైలు నడుపు వినోదము, అనగా రైలు సిమ్యులేటర్, జపానున 1996లో వచ్చిన 'డెన్షా దె గో!' నాటినుండి జనప్రియమై, 2001లో మైక్రోసాఫ్ట్ వారి సిమ్యులేటర్ వెలువడిన పిదప, ఆటగాండ్రే స్వయముగా తమ యూరి మార్గములను నిర్మించుకొను విద్యగా పరిణమించినది. ఇట్టి నిర్మాతలు కొత్త మార్గమును ప్రతిపాదించునపుడు 'సరిహద్దులు దాటు దారి' యన్నచో మక్కువ చూపుదురు. అట్టి దారి యొకటి సూరతునుండియే కలదు. సూరతులో మగ్గముల పనికై తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబము లనేకము కలవు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలను సైతము నడుపుచున్నది. సూరతు నుండి నందుర్బార్, జలగాం, భుసావల్, అకోలా, వార్ధా, బల్హార్షా, మంచిర్యాల, కాజీపేటల మీదుగా ఓరుగల్లు చేరు సుమారు వేయి కిలోమీటర్ల దారి వారికి ఇంటిదారి. అహమ్మదాబాదు నుండి చెన్నపట్టణము పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ దాదాపుగా ఈ దారినే పట్టుచున్నది. సిమ్యులేటరునకు దీనికంటె యోగ్యమైన సరిహద్దు మార్గము నాకు తోచదు. ఏలయన ఇచట పటముపై గీసిన యెల్లలు వేరు, చక్రము అనుభవించు యెల్లలు వేరు.

మొదట చరిత్రను చూతము. నిర్మాత తన ఆటకు 1930 ప్రాంతపు కాలమును ఎంచుకొనెనా, ఈ యొక్క మార్గమే యెన్ని పాలనలను తొక్కుచు పోవునో గమనింపుడు: సూరతు, బార్డోలీలు బ్రిటిషు బొంబాయి రాజధానిలోనివి, వ్యారా, సోన్‌గఢ్‌లు బరోడా గాయక్‌వాడు గారివి, నవాపూర్ మొదలు మరల బ్రిటిషు ఖాన్‌దేశము, అకోలా, బడ్నేరాలు బేరారులోనివి, అనగా పేరునకు నిజాముది, 1853 నుండి ఆంగ్లేయుల చేతిలోనిది, 1902లో శాశ్వతపు కౌలున వారికి దక్కినది. పుల్‌గాం వద్ద వార్ధా నదిని దాటగనే మధ్యపరగణాలు. బల్హార్షా విడిచి ఆ వార్ధానే రెండవమారు దాటగనే నిజాం రాజ్యము. కాజీపేట–బల్హార్షా మార్గము పూర్తియై మదరాసు, ఢిల్లీల నడుమ సూటి దారి ఏర్పడినది 1929లోనే.

ఆ పాత యెల్లలలో ఒకటి నేటికిని బ్రతికియుండుట విశేషము. 1951లో నిజాం రైల్వేను మధ్య రైల్వేలో కలిపిరి. 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వే పుట్టినపుడు సికిందరాబాదు డివిజను దానికి వచ్చెను. వార్ధా నది కావలనున్న రాజురా తాలూకా 1956లో ఆదిలాబాదు జిల్లానుండి విడివడి బొంబాయి రాష్ట్రమునకు పోయెను. అందుచేత రాష్ట్రపు సరిహద్దు దక్షిణమునకు జరిగెను గాని, రైల్వే మండలముల సరిహద్దు బల్హార్షా వద్దనే నిలిచిపోయినది. పడమట మాత్రము ఇట్లు కాదు: గుజరాత్ యెల్ల నవాపూరులో ముగిసినను, పశ్చిమ రైల్వే ఏలుబడి జలగాం చేరువ దాక సాగును. కావున సిమ్యులేటరున 'సరిహద్దు దాటితిమి' అను సందేశమును తెరపై చూపదలచిన నిర్మాత దానిని నవాపూరులో కాక జలగాములో, బల్హార్షాలో చూపుట సమంజసము. అయిన నవాపూరు బల్లను విడువమని నే నెవరికిని చెప్పను.

ఇక డ్రైవరు చేతికి నిజముగా తగులు యెల్లలలో మొదటిది విద్యుత్తుది. రైల్వే సబ్‌స్టేషనులు ప్రాంతీయ గ్రిడ్డునుండి మూడు ఫేజులలో కొన్నిటిని మాత్రమే తీసికొని తీగెకు ఒక్క ఫేజుగా అందించును. గ్రిడ్డుపై భారము ఒకవైపే ఒరగకుండుటకై ప్రక్క సబ్‌స్టేషను వేరొక ఫేజును వాడుకొనును. రెండు ఫేజుల తీగెలను ఇంజను మీది పాంటోగ్రాఫు ఒక్కసారి కలిపెనా, షార్టు సర్క్యూటు తప్పదు. అందువలన వాని నడుమ కొద్ది మీటర్ల మేర విద్యుత్తు లేని తీగెను అమర్చుదురు. దీనికే న్యూట్రల్ సెక్షనని పేరు. దానికి 500 మీటర్లు, 250 మీటర్లు ముందుగా హెచ్చరిక బోర్డులుండును. డీజే అని లోకో పైలట్లు పిలుచు ప్రధాన స్విచ్చిని తెరచి, వచ్చిన వేగముతోనే రైలును ఆ నిర్జీవ భాగము దాటించి, మరల స్విచ్చి వేయవలెను. వేగము చాలక ఇంజను సరిగా ఆ తీగె క్రిందనే నిలిచిపోయినచో ముందునకును కదలదు, వెనుకకును కదలదు; సహాయమునకై మరియొక ఇంజను రావలసినదే. ఇట్టి యెల్లలు ఈ దారిలో నలుబది, యేబది కిలోమీటర్లకొకటి యెదురగును. ఆస్ట్రియా, ఇటలీల నడుమ బ్రెన్నర్ కనుమలో ఒకవైపు 15,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తు, మరొకవైపు 3,000 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఉండుటచే ఇంజనులనే మార్చెడివారు. మన దారిలో అంతటి ఆర్భాటము లేదు గాని, ఏమరుపాటును క్షమింపనిది మాత్రము అదే విద్య.

డ్రైవరు చేతికి తగులు యెల్లలలో రెండవది పట్టు, అనగా చక్రము పట్టాను జారక పట్టుకొను శక్తి. ఉక్కు చక్రము ఉక్కు పట్టాను తాకు చోటు చిటికెన గోరంత; లాగు బలమంతయు ఆ చోటనే పుట్టవలెను. 123 టన్నుల డబ్ల్యు.ఎ.పి.-7 ఇంజను బయలుదేరునపుడు సుమారు 33 టన్నుల బలముతో లాగగలదు. దాని వెనుక 1,200 టన్నుల పెట్టెలున్నవనుకొందము. సమతలమున దొర్లుడు నిరోధము టన్నుకు రెండు కిలోల చొప్పున రెండున్నర టన్నులకు కాస్త మించును. నూరు మీటర్లకు ఒక మీటరు లేచు ఎగువ వచ్చినచో మరి 13 టన్నులు కలియును. పొడి పట్టాలపై ఇంకను 17 టన్నులు మిగిలి రైలు నింపాదిగా వేగ మందుకొనును. తొలకరి జల్లు పడి, పట్టాపై దుమ్ము జిగటయై, పట్టు గుణకము 0.27 నుండి 0.15కు పడిపోయెనా, లాగుబలము పద్దెనిమిదిన్నర టన్నులకు దిగును. మిగులునది రెండున్నర టన్నులు. ఇట్టి సమయమున ఆత్రపడి బలము హెచ్చించిన ఆటగాని చక్రములు ఉన్నచోటనే గిరగిర తిరుగును. ఆపుట మరియొక యెత్తు: సెకనుకు సెకనుకు అర మీటరు చొప్పున వేగము తగ్గించు బ్రేకుతో 110 కిలోమీటర్ల వేగమునుండి ఆగుటకు 930 మీటర్లు చాలును, 130 నుండి ఆగుటకు 1,300 మీటర్లు కావలెను.

కంప్యూటరునకు సైతము తనదైన యెల్ల యొకటి కలదు. 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింటు సంఖ్య దశాంశ పద్ధతిలో ఏడంకెల మేరకే నిక్కచ్చిగా నుండును. సూరతును మూలబిందువుగా నుంచి కొలిచినచో ఓరుగల్లు తూర్పుగా 700 కిలోమీటర్ల దూరమున నుండును. అంత దూరమున ఆ సంఖ్య ఒక్కసారికి ఆరు సెంటీమీటర్లకు పైగా గంతులు వేయును. చక్రపు అంచునకు పట్టాకు నడుమ సందు రెండు సెంటీమీటర్లకు మించదు గదా! సూరతులో సాఫీగా కదలిన రైలు మంచిర్యాల చేరునప్పటికి తెరపై జ్వరము వచ్చినట్లు వణకుట ఇందువలననే. దీనికి మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరు కనిపెట్టిన ఉపాయము, నేలను 2,048 మీటర్ల చదరములుగా కోసి, ప్రతి చదరములోను కొలతను క్రొత్తగా ప్రారంభించుట. దాని వారసుడగు ఓపెన్ రైల్స్ కూడ ఆ పద్ధతినే పాటించినది.

నేల యెత్తుపల్లములకై నిర్మాతలు ఎక్కువగా ఆశ్రయించునది 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక రాడారుతో సేకరించిన పటము. కొండలకు, ఉకాయి జలాశయపు గట్లకు అది చాలును, పట్టాలకు చాలదు. ఆ పటమున బిందువునకు బిందువునకు నడుమ దూరము సుమారు 30 మీటర్లు. రెండువందల మీటర్లకు ఒక మీటరు లేచు దారి అంత దూరములో లేచునది 15 సెంటీమీటర్లే, పటములోని పొరపాటు మాత్రము మీటర్ల లెక్కన నుండును. దానినే నమ్మి పట్టా పరచినచో తపతీ లోయలోని మృదువైన దారి ఉయ్యాలగా మారి, పైన లెక్కించిన లాగుబలములన్నియు తారుమారగును. నిజమైన వాలు దారి ప్రక్కన నాటిన గ్రేడియెంటు స్తంభములపై వ్రాసియే యుండును. కనుక ఈ పనికి పూనుకొనువారు వేయి కిలోమీటర్లను ఒక్కమారు తలకెత్తికొనక, ముందుగా ఉధనా నుండి నందుర్బార్ వరకు కిటికీ ప్రక్కన కూర్చుండి పగటి రైలులో పయనించి, స్తంభముల అంకెలను, న్యూట్రల్ సెక్షన్ల బోర్డులను వ్రాసికొని రావలెను. ఆ పిదప బల్హార్షా–కాజీపేట భాగమును చేపట్టవచ్చును. వార్ధాపై రెండవ వంతెనయు, గోదావరి వంతెనయు అందే యున్నవి. నడిమి బేరారు మైదానము కొంతకాలము ఆగినను నష్టము లేదు.